అలక అనుకున్న ఆదివారం

నర్సింగు చదవబోయే పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి ఆంటీ అని. బీపీ చూడటం, సూది గుచ్చటం, దుప్పటి ముడత లేకుండా పరవటం యూనీలోనూ, అంటే యూనివర్సిటీలోనూ, వార్డులోనూ నేర్పుతారు. నేర్చుకోకపోతే తిట్టి మరీ నేర్పుతారు. బయట కారిడార్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషిని ఏమడగాలో మాత్రం మాకెవరూ నేర్పలేదు. అడిగి తెలుసుకున్నది తిరిగి ఎవరికి చెప్పాలో అసలే నేర్పలేదు.

నా ప్రమోషన్ల గురించి రాయబోవటం లేదు. ఆ ముచ్చట నాకే విసుగు. ఎన్నేళ్ళయినా మనసులోంచి పోని ఒక కుటుంబం గురించి రాస్తాను. చదివి, మీరు నాకంటే కాస్త మెరుగ్గా చేస్తే చాలు.

ఆ రోజుల్లో పక్షవాతం

తెనాలి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, పెళ్ళయ్యాక సిడ్నీ వచ్చాను. ఎనభైల చివర్లో పడమటి సిడ్నీలో ఒక పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో చేసేదాన్ని. ఏ ఆసుపత్రో ఇప్పుడెందుకులెండి. గుండెనొప్పితో ఎవరైనా వస్తే అందరం పరిగెత్తేవాళ్ళం. పక్షవాతంతో వస్తే నడిచేవాళ్ళం. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందు అప్పటికింకా మా చేతికి రాలేదు. అందుకని చేసేదేముందిలే అన్న నిర్లక్ష్యం పైనుంచి కిందిదాకా ఉండేది. ఆ పేషెంట్ల మంచాలు కూడా వార్డు చివరనే వేసేవాళ్ళు. మందు లేకపోవటం వేరు, చేయాల్సింది లేకపోవటం వేరు. ఈ తేడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా వార్డు సిస్టర్ పేరు మార్గరెట్. ఆవిడ దగ్గర ఒక్క పేషెంటుకి కూడా వీపు పుండు పడలేదు, అది మామూలు విషయం కాదు. కానీ ఆవిడ లెక్కలో చుట్టాలంటే గుమ్మంలో పేరుకునే దుమ్ము. విజిటింగ్ అర్వోలో, అంటే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం, కాసేపు, సాయంత్రం కాసేపు. గంట కొడితే లేచిపోవాలి. మనవాళ్ళు గంట కొడితే లేచే రకమా? ఒకరు పోతే నలుగురు వచ్చేవాళ్ళు. ఆవిడ నావైపు చూసేది, ఆ నలుగురినీ నేనే కని పంపించినట్టు.

ఒకసారి ఒక హైదరాబాద్ వ్యాపారికి పక్షవాతం వచ్చింది. మింగటం సరిగ్గా లేదు, నోటికేమీ ఇవ్వొద్దని మంచానికి బోర్డు తగిలించాం. ఆయన తమ్ముడు, పాపం, అన్న పెదాలు ఎండిపోతున్నాయని చెంచాతో నీళ్ళు పోశాడు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంది, మనిషి బతికి బయటపడటానికి చాలా రోజులు పట్టింది. మార్గరెట్ ఆ తమ్ముణ్ణి నిలబెట్టి కడిగేసింది. ఆయన తలొంచుకుని అంతా విని, చివర్లో ఒకటే అన్నాడు, నీళ్ళు ఎందుకివ్వకూడదో ఎవరైనా చెప్పుంటే ప్రాణం పోయినా ఇచ్చేవాణ్ణి కాదని. ఇవ్వొద్దు అని చెప్పటమే మా పని అనుకున్నాం. ఎందుకో చెప్పటం ఎవరి పనీ కాలేదు.

మాస్టారి మౌనం

రత్నం మాస్టారు మా చర్చివారే. గుంటూరు జిల్లాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినాయన. ఇక్కడికొచ్చాక ఉత్తరాలు సార్టింగ్ చేసే ఉద్యోగంలో కుదురుకున్నారు. ప్రార్థన కూటంలో ఎవరైనా ఇంగ్లీషు మాట తప్పు పలికితే అక్కడికక్కడే సరిదిద్దేవారు, పాస్టరుగారైనా సరే వదిలేవారు కాదు. క్వేకర్స్ హిల్‌లో ఇల్లు. భార్య సుగుణమ్మక్క, ఒక్కగానొక్క కూతురు ప్రమీల. ప్రమీల చిన్నప్పుడే ఇక్కడికొచ్చింది కాబట్టి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబొచ్చేది.

మాస్టారి అలక మావాళ్ళందరికీ తెలుసు. కోపమొస్తే ఆయన అరవరు, నోరు మూసేస్తారు. అది ఒక పూట ఉండొచ్చు, రెండ్రోజులూ ఉండొచ్చు. ఇంట్లో దానికో పద్ధతి ఏర్పడిపోయింది. సుగుణమ్మక్క కంచంలో అన్నం పెట్టి, మూతేసి, బల్లమీద ఉంచి పక్కకు తప్పుకుంటుంది. ఎవరూ పలకరించకూడదు. బతిమాలితే అలక ఇంకో పూట సాగుతుంది. చివరికి ఆయనే కాఫీ గ్లాసు ముందుకు తోసి, పంచదార తక్కువైందంటారు. అక్కడితో సరి. ఆయన అలిగినప్పుడే ఇల్లు కాస్త నిమ్మళంగా ఉంటుందని సుగుణమ్మక్క నవ్వుతూ చెప్పేది, మేమూ నవ్వేవాళ్ళం.

ప్రమీలకు యూనీ అయిపోగానే దేశం ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌లో ప్రభుత్వాఫీసులో ఉద్యోగమొచ్చింది. మాస్టారు ససేమిరా అన్నారు. పెళ్ళికాని పిల్ల ఒక్కతే ఆ మూలకెట్లా పోతుంది, పారమట్టాలో ఆఫీసులు లేవా, రైలెక్కితే చాలు కదా అని ఆయన వాదన. శనివారం సాయంత్రం మాటా మాటా పెరిగింది. తనను స్కూలు పిల్లలా చూడొద్దని, ఇట్స్ మై లైఫ్ అని ప్రమీల తలుపేసుకుంది. మాస్టారు ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు.

ఆదివారం పొద్దున లేచి వచ్చి వంటింట్లో కుర్చీలో కూర్చున్నారు. మాట లేదు. అలిగాడని తల్లి అనుకుంది, కూతురూ అనుకుంది. కుడిచేత్తో చొక్కా బొత్తాం పెట్టుకోలేక తంటాలు పడుతుంటే సుగుణమ్మక్కే పెట్టింది. అది కూడా అలకలో భాగమే అనుకుంది. కారులో చర్చికి తీసుకెళ్ళారు. అక్కడ పాటల పుస్తకం చేతిలో పట్టుకుని తెరవకుండా కూర్చుంటే, ఈ ఆదివారం మాస్టారు మౌనవ్రతమా అని పాస్టరుగారు వేళాకోళమాడారు. అందరూ నవ్వారు. ఒక మనిషికి మాట పడిపోయి అంతమంది మధ్య కూర్చుంటే, అంతమందీ నవ్వారు. దుర్మార్గులు కారు, ఆయనంటే ప్రేమున్నవాళ్ళే. బాగా తెలిసినవాళ్ళు కాబట్టే నవ్వారు. తెలియనివాళ్ళయితే భయపడి ఉండేవాళ్ళు.

మధ్యాహ్నం చర్చిలోనే భోజనాల దగ్గర లేవబోయి కుడివైపుకు కూలిపోయారు. అప్పుడైనా అంబులెన్సుకు ఫోను చేశారా? ముందు మా ఇంటికి చేశారు. మావాళ్ళలో అదొక అలవాటు, ఏ రోగమొచ్చినా ముందు తెలుగు సిస్టరమ్మకు ఫోను. నేను ఆ రెండ్రోజులూ సెలవు పెట్టి వలంగాంగ్‌లో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాను. ఫోను మోగి మోగి ఆగిపోయింది. తర్వాత పెద్దలందరూ చుట్టూ చేరి ప్రార్థన చేశారు. ఆ తర్వాత అంబులెన్సు. ప్రార్థన తప్పని నేనెప్పటికీ అనను. ముందు ఇక్కడి అంబులెన్సు నంబరు, మూడు సున్నాలూ, నొక్కేసి, అది వచ్చేలోపు చేసుకోండి. దేవుడేం తప్పు పట్టడు.

ఒక్కరే లోపలికి

ఎమర్జెన్సీలో ఇంటివాళ్ళలో ఒక్కరినే లోపలికి రానిచ్చేవారు. పెద్దది కాబట్టి తల్లే వెళ్ళాలి. మన మర్యాద అది, దాని గురించి ఎవరూ ఆలోచించను కూడా ఆలోచించలేదు. ఇంగ్లీషు వచ్చిన కూతురు బయట కుర్చీలో కూర్చుంది. నాలుగు ముక్కలు మాత్రమే వచ్చిన తల్లి లోపల నిలబడింది. డాక్టరు కుర్రవాడు మాస్టారిని పేరడిగితే, మొగుడి తరఫున అన్నీ తానే చెప్పే అలవాటున్న సుగుణమ్మక్క పేరు చెప్పింది. వయసడిగితే అదీ తనే చెప్పింది. ఈయన మాట్లాడడేమని అడిగితే, నో టాకింగ్, యాంగ్రీ, డాటర్ మీద యాంగ్రీ అంది. ఆమెకు తెలిసిన నిజం అదే. ఎప్పుడు పడిపోయాడని అడిగితే భోజనాల దగ్గరంది. డాక్టరు అవన్నీ రాసుకున్నాడు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, అది కళ్ళకు కనపడుతూనే ఉంది. మాట సంగతి మాత్రం, ఇంగ్లీషు రాదు, పైగా ఇంట్లో గొడవ అని తేలిపోయింది.

ఇంగ్లీషు మాస్టారికి ఇంగ్లీషు రాదని మా ఆసుపత్రి తేల్చేసింది చూడండి.

మర్నాడు విజిటింగుకు వచ్చిన ప్రమీలకు వార్డులో ఒక నర్సు ఎదురైంది. మంచి పిల్లే, ఓదార్చటానికే పలకరించింది. మీ నాన్న మాట్లాడటానికి ఒప్పుకోవటం లేదమ్మా, ఎవరిమీదైనా కోపమా అని అడిగింది. ఇంట్లో వాళ్ళు పొరపడ్డారు సరే, తెల్ల యూనిఫాం వేసుకున్నవాళ్ళు కూడా అదే మాట అనేసరికి ఆ పిల్లకు అది రాతిమీద రాసినట్టయింది. నాన్న నామీద అలిగి పడిపోయాడు, పడిపోయాక కూడా నాతో మాట్లాడటం లేదు, అంతే.

మంగళవారం

నేను డ్యూటీకి వచ్చేసరికి మాస్టారికి దగ్గు పట్టుకుని ఉంది. మింగగలడో లేదో చూడకుండా గంజి తాగించారు. ఇంగ్లీషు రాదు, మొండి మనిషి, ఇంటివాళ్ళమీద కోపంగా ఉన్నాడు అని నాకు అప్పజెప్పారు. ఎవరా అని వెళ్ళి చూస్తే మన మాస్టారు. తెలుగులో పలకరించాను. నా మొహంలోకి చూశారు, పెదాలు కదిపారు. ఒక్క అక్షరం రాలేదు, కళ్ళెంట నీళ్ళొచ్చాయి.

మార్గరెట్ దగ్గరకు వెళ్ళి, ఆయన ఇంగ్లీషు టీచరని, ఏ భాషలోనూ మాట రావటం లేదని, భార్యను కూర్చోబెట్టి అడగాలని చెప్పాను. విజిటింగ్ టైము కాదంటుందేమో, దెబ్బలాడదామని సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ, వెళ్ళి తీసుకురా అంది. ఆ రోజు నుంచి సుగుణమ్మక్క ఆయన మంచం పక్కన ఉన్నంతసేపూ గంట శబ్దం మా ఇద్దరికీ వినపడలేదు. మార్గరెట్ గురించి నేను చెడ్డగా ఎన్ని చెప్పినా, ఇది కూడా చెప్పాలి.

సుగుణమ్మక్కను నేనడిగింది ఒకటే. మామూలు అలకకీ, ఆ ఆదివారానికీ తేడా ఏమన్నా కనపడిందా అని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అప్పటిదాకా ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె మాస్టారి చెయ్యి తుడుస్తూ చెప్పింది.

"అలిగితే ఆయన ఎవరి మొహమూ చూడడు సిస్టరమ్మా. గోడకేసి చూస్తా కూచుంటాడు. ఆ రోజు అట్టా కాదు. అమ్మాయి ఎటు పోతే అటు చూస్తానే ఉన్నాడు. ఇదేందబ్బా, అలకలో ఎప్పుడూ చూడడే అనుకున్నా. అనుకుని, కాఫీ కలపటానికి పోయినా."

మాట పొద్దున లేచేసరికే పోయిందన్నమాట. నేను డాక్టరు కుర్రవాడికి చెప్పాను. అయ్యో, ఈ సంగతి వాళ్ళు మాకెందుకు చెప్పలేదన్నాడు. కోపంగా ఉన్నాడని ఆమె చెప్పింది కదా, ఏం చూసి అనుకున్నావమ్మా అని మీరడిగారా అన్నాను. ఎర్రబడ్డాడు. ఆ మధ్యాహ్నమే నోటికిచ్చేవి ఆపారు, మాట నేర్పే థెరపిస్టును పిలిచారు. ఆదివారం పొద్దునే తెస్తే మాట దక్కేదా అంటే, ఆ రోజుల్లో దక్కేదని నేను చెప్పలేను. దగ్గూ జ్వరమూ మాత్రం తప్పేవి.

అదే రోజు సుగుణమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. ఈ చూపుల సంగతి ప్రమీలకు మాత్రం తెలియనివ్వొద్దని ఒట్టేయించుకుంది. ఆ పొద్దున కూతురు తండ్రివైపు ఒక్కసారీ చూడలేదట. అది కూడా అలిగే ఉంది, తండ్రి పోలికే కదా. తండ్రి నోరు రాక కళ్ళతో పిలుస్తుంటే తల తిప్పుకు తిరిగానని తెలిస్తే ఆ పిల్ల బతకదని తల్లి భయం. తల్లి మాట నాకు న్యాయంగానే తోచింది. సరేనన్నాను.

ఒక్క మాట

కొన్ని వారాలకు మాస్టారికి ఒక్క మాట వచ్చింది. ‘కాదు’ అన్న మాట. అన్నిటికీ అదే.

ముందు విన్నది ప్రమీలే. ఆ అర్వో వార్డులోకి నవ్వుతూ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. నాన్నా, నామీద కోపమా అని తెలుగులో అడిగానాంటీ, కాదు అన్నాడు, క్లియర్‌గా అన్నాడు అంది. డార్విన్ వాళ్ళు ఇంకా ఉద్యోగం ఉంచారని, ఇంక ధైర్యంగా వెళ్ళొచ్చని అంది. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే ఇంటివాళ్ళతో మీటింగు పెట్టారు. సుగుణమ్మక్కకు తెలుగులో చెప్పటానికి నన్ను కూర్చోమన్నారు. థెరపిస్టు చాలా ఓపికగా వివరించింది. ఇలాంటి జబ్బులో ఒక మాట నాలుకకు పట్టుకుంటుంది, మనసులో ఉన్నది ఒకటి, పైకొచ్చేది ఒకటి, దాన్ని జవాబుగా తీసుకోకండి అంది. నమ్మకం కలగటానికి మాస్టారిని అడిగి చూపించింది. మీ పేరు రత్నమా? కాదు. ఈవిడ మీ భార్యా? కాదు. నీళ్ళు కావాలా? కాదు, అని గ్లాసు కోసం ఎడమచెయ్యి చాపారు.

ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. నేను దాన్ని ముక్క పోకుండా తెలుగులో చెప్పాను. ప్రమీల మొహంలో దీపం ఆరిపోవటం ఎదురుగా కూర్చుని చూశాను. కాదు అన్న మాటకు అర్థం లేకపోవచ్చమ్మా, కానీ ఆదివారం పొద్దున మీ నాన్న నిన్ను చూస్తూనే ఉన్నాడు, అలిగితే చూడడు కదా అని నా నోటిదాకా వచ్చింది. సుగుణమ్మక్క నన్నే చూస్తోంది. మింగేశాను.

ప్రమీల డార్విన్ ఉద్యోగం వద్దని చెప్పేసింది. పారమట్టాలో చిన్న ఉద్యోగం చూసుకుంది. పొద్దున తండ్రికి తినిపించి రైలెక్కటం, సాయంత్రం వచ్చి తినిపించటం. చర్చిలో అందరూ ఎంత మంచి కూతురని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు వింటుంటే నా ఒళ్ళు మండేది. అది మంచితనం కాదు, శిక్ష. వేసినవాళ్ళెవరూ లేరు, అనుభవించే మనిషి మాత్రం ఉంది.

ఇంటివాళ్ళ దగ్గర పేషెంటు సంగతులు రాబట్టుకోవటం నేర్చుకున్నానని నేను గొప్పగా అనుకునేదాన్ని. కొత్త పిల్లలకు అదే పాఠం చెప్పేదాన్ని. చివరిసారి బాగున్నది ఎప్పుడు, మామూలుకీ ఈరోజుకీ తేడా ఏమిటి, ఏం మందులు వేసుకుంటున్నాడు, అన్నీ ఇంటివాళ్ళను అడగండి అని. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ పేషెంటు మంచం మీద ఒక్కరే ఉంటారు. ఆ దెబ్బ తగిలినవాళ్ళు కుర్చీలో ఇంకొకరుంటారు. వాళ్ళ దగ్గర తీసుకున్నది డాక్టరుకిచ్చి మా పని అయిపోయిందనుకునేవాళ్ళం.

మా వంటింట్లో

మాస్టారు ఆ తర్వాత మూడేళ్ళో ఎంతో ఉన్నారు. తొంభైల మొదట్లో రెండోసారి వచ్చింది, ఆసుపత్రికి చేరేలోపే పోయారు. సమాధి కార్యక్రమం అయిన కొన్ని రోజులకు ప్రమీల మా ఇంటికి వచ్చింది. అన్నం క్యారియర్ గిన్నెలు తిరిగివ్వటానికి వచ్చింది గానీ, వెళ్ళకుండా వంటింట్లో నిలబడిపోయింది. ఇంగ్లీషులో కాదు, తెలుగులో అడిగింది.

"ఆంటీ, నాన్న నన్ను క్షమించాడంటారా?"

ఒట్టు ఒట్టే. కానీ తల్లి కాపాడదామనుకున్న పిల్ల అప్పటికే నా కళ్ళముందు సగమైపోయింది. ఇంక దాచి దేన్ని కాపాడాలి? కూర్చోబెట్టి చెప్పేశాను. మీ నాన్నకు శనివారం ఏమన్నా కోపముంటే ఉండొచ్చు, ఆదివారానికి లేదమ్మా అన్నాను. పొద్దున్నుంచీ నీవైపే చూస్తూ ఉన్నాడని మీ అమ్మ చూసింది, అలిగిన మనిషి మొహం చూడడని నీకు తెలుసు కదా అన్నాను. నిన్ను పిలిచాడమ్మా, నోరు రాక కళ్ళతో పిలిచాడు, నువ్వే వస్తావని పిలిచాడు అన్నాను. తల్లి భయపడ్డట్టు గుండె పగిలి కూలిపోతుందేమోనని కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

కూలిపోలేదు. చేతిలో ఉన్న క్యారియర్ మూత అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. అలా తిప్పుతూనే అంది.

"ఇన్నేళ్ళూ ఆయనకు రెండు పూటలా నేనే తినిపించానాంటీ. మొహంలో కోపం కనపడుద్దేమోనని, ఒక్కరోజు కూడా తలెత్తి చూళ్ళేదు."